షేరు ఒకరిది, పలుపు ఒకరి చేతిలో

ఆ ఉదయం మా చిన్నోడు చందు తల మీద కుంకుడు రసం పోసి రుద్దుతున్నాను. ముందు గదిలో నా ఫోను మోగింది. మేఘన ఎత్తింది. మా ఇంట్లో అది అలవాటే. నా చేతులు తడిగా ఉన్నప్పుడు ఆఫీసు నుంచి మురళి సార్ ఫోను చేస్తే, రెండో తరగతి చదువుతున్న నా కూతురే ఎత్తి, మెసేజీలో వచ్చిన ఓటీపీ చదివి వినిపించేది. ఆరంకెలు తడుముకోకుండా చదువుతుందని నేను లోలోపల మురిసిపోయేదాన్ని కూడా.

"నాలుగు, ఒకటి, ఒకటి, తొమ్మిది, సున్నా, ఆరు. అయిపోయింది అంకుల్," అంది మేఘన. మళ్లీ టింగుమని చప్పుడు. "ఇంకోటి వచ్చింది. ఇదిగో, ఇంకోటి కూడా."

చందు నెత్తి మీద నా చెయ్యి ఆగిపోయింది.

షేర్ బజారు తెరవడానికి ఇంకా గంటన్నర ఉంది. తమ షేర్లు అమ్మిపెట్టమని ముందురోజు ఎవరూ అడగలేదు. ఒక్కటి వస్తే ఎవరికో తొందరేమో అనుకోవచ్చు. వరసగా ఇన్ని దేనికి?

"మేఘా, అంకెలు చదవకు. పైన ఏం రాసుందో అది చదువు."

"పీ, ఎల్, ఈ, డీ, జీ, ఈ. ఇదేందమ్మా?"

తాకట్టు. ప్లెడ్జ్ అనే ఆ మాటను, చదవడం తెలియని పిల్ల నోటివెంట, అక్షరం అక్షరంగా విన్నాను. నురగ చేతులతోనే పరుగెత్తి ఫోను లాక్కున్నాను.

"శైలజమ్మా, పాప ఒకటి చెప్పింది. మిగతావి జల్దీ చెప్పు. బజారు తెరిచేలోపు పని కావాలె," అన్నారు మురళి సార్.

"ఏంది సార్ ఇవి?"

"రోజూ ఉండే పనే. ఆఫీసుకు వచ్చినంక చెప్తగా."

"పిల్లోడి కండ్లల్ల కుంకుడు రసం పడ్డది సార్. ఐదు నిమిషాలు," అని ఫోను పెట్టేశాను. అబద్ధం కాదు. స్నానాల గదిలో వాడు కళ్లు మూసుకుని గొంతెత్తి ఏడుస్తున్నాడు. నేను మాత్రం ఫోను చూస్తూ నిలబడిపోయాను. మేఘన చదివిన మొదటి మెసేజీ గూడెంలో ఉండే కన్నమ్మది. ఆ ఆరంకెలు అప్పటికే వెళ్లిపోయాయి.

పావని అడిగిన ప్రశ్న

ఆ ఉద్యోగంలో ఇప్పుడు నేను లేను. ముప్పై నాలుగేళ్లకే రిటైరైన దాన్ని నేనొక్కదాన్నేనని మా ఆయన ఎగతాళి చేస్తుంటారు. తొమ్మిదేళ్లు సత్తుపల్లిలో ఒక షేర్ల ఆఫీసులో చేశాను. హైదరాబాదులోని ఒక పెద్ద బ్రోకరేజీ సంస్థకు అది ఏజెంటు ఆఫీసు. యజమాని మురళి సార్. ఉద్యోగులం ఇద్దరమే.

ఇవాళ సాయంత్రం మా వెనక వీధిలో ఉండే పావని వచ్చింది. డిగ్రీ అయి, ఖమ్మంలో అలాంటి ఆఫీసులోనే చేరి వారమైంది. "అక్కా, సిగ్నల్ లేని ఊళ్లోళ్ల ఫారాల్లో నా నంబరే రాయమంటున్నరు. రాయనా?" అని అడిగింది. వద్దు అని గుమ్మంలోనే చెప్పాను. ఎందుకు వద్దో తనకు రాసి ఇవ్వడానికి ఈ రాత్రి కూర్చున్నాను. పిల్లలు పడుకున్నారు. మా ఆయన గనిలో రాత్రి షిఫ్టుకు వెళ్లారు. గొళ్లెం రెండుసార్లు చూసి వచ్చాను. ఆ రోజు తర్వాత వచ్చిన అలవాటిది.

జీతం, టార్గెట్లు, బోనసుల సంగతి నీకు వాళ్లే చెబుతారు పావనీ. వాళ్లు చెప్పనిది నేను రాస్తున్నాను. మన పని షేర్లు కొనిపించడం, అమ్మిపెట్టడం అనుకుంటాం. అసలు పని వేరు. ఏది ఎవరిదో తెలుసుకోవడం, ఎవరిది వాళ్లకే ఉండేలా చూడడం.

బీరువాలో లేని ఆస్తి

చేరిన కొత్తలో ఒక పెద్దాయన దమ్మపేట బస్సు దిగి నేరుగా మా ఆఫీసుకు వచ్చాడు. తువ్వాలతో మొహం తుడుచుకుని, "నా షేర్లు ఓపాలి సూపియ్యమ్మా, సూసిపోత," అన్నాడు.

"ఇక్కడ ఉండవు తాతా."

"మరేడున్నయ్?"

"కంప్యూటర్ల."

"కరెంటు పోతే?"

నవ్వేశాను. నవ్వకుండా ఉండాల్సింది. ఆ ప్రశ్నకు సరైన జవాబు అప్పుడు నాకూ తెలియదు. తర్వాత మురళి సార్ చెప్పారు. షేర్లు మన ఆఫీసులో ఉండవు, మనల్ని పెట్టుకున్న బ్రోకరేజీ సంస్థ దగ్గరా ఉండవు. దేశం మొత్తానికి డిపాజిటరీలని ఉంటాయి. అవే అసలు రిజిస్టరు. అందులో ఎవరి పేరు ఉంటే షేరు వాళ్లది. మనం ఆ ఇంటి గుమ్మం దగ్గర నిలబడేవాళ్లం, అంతే. గుమ్మం దగ్గర ఉన్నవాడు ఇల్లు తనదనుకోకూడదు, ఇంటివాళ్లు కూడా అలా అనుకోకూడదు. మురళి సార్ ఇది నాకు ఎంత బాగా చెప్పారంటే, ఆ తర్వాత వందలమందికి ఆయన మాటల్లోనే చెప్పాను.

ఆయన గురించి నిజం రాయాలి. చెడ్డవాడని ఒక్క మాటలో తేల్చేస్తే నీకు ఉపయోగం లేదు. ఈ పనిలో నాకు వచ్చిందంతా ఆయన పెట్టిన భిక్షే. షేర్ బజారులో లిస్టయిన ప్రతి కంపెనీ మూడు నెలలకోసారి తన యజమానులు ఎవరో పట్టిక వేసి బయటపెడుతుంది. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఆ పట్టిక చదవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

పై వరసలో ప్రమోటర్లు, అంటే కంపెనీ పెట్టి నడిపేవాళ్లు. కింద పబ్లిక్. "పబ్లిక్ అంటే జనం అనుకోకమ్మా," అనేవారు సార్. "ప్రమోటర్లు కానోళ్లంతా పబ్లిక్కే. బీమా కంపెనీ పబ్లిక్కే, మ్యూచువల్ ఫండు పబ్లిక్కే, మన దమ్మపేట తాత కూడా పబ్లిక్కే." నూటికి ఒకటి దాటి వాటా ఉన్నవాళ్ల పేర్లు విడిగా ఉంటాయి. అందులో ఎప్పుడూ వినని రెండు మూడు కంపెనీల పేర్లు కనబడితే, వాటి అడ్రసులు వెతికించేవారు. మూడు పేర్లకూ ఒకే భవనం, ఒకే గది నంబరు దొరికేది ఒక్కోసారి. "పేరు ఎనక పేరు ఉంటది. అసలోడు ఎవడో తెలిసేదాక ఆ కాగితం మడవొద్దు," అనేవారు. ఒక పట్టికను ఒంటరిగా చదవొద్దని, మూడు నెలల కిందటిది పక్కన పెట్టుకుని, ఎవరి వరస పెరిగింది, ఎవరిది తగ్గింది చూడాలని కూడా చెప్పారు.

నేను చూడని గడి

మా వైపు ఒక మిర్చి కంపెనీ ఉంది. ఎండుమిర్చి నుంచి రంగు, నూనె తీస్తుంది. ఆ కంపెనీ పెట్టినాయన పబ్లిక్ ఇష్యూకు వచ్చినప్పుడు, అంటే జనానికి మొదటిసారి షేర్లు అమ్మినప్పుడు, తనకు మిర్చి పోసే రైతులందరి చేతా తలా కొన్ని షేర్లు కొనిపించాడు. సత్తుపల్లి నుంచి అడవి అంచు గూడేల దాకా ఆ షేర్ల కాగితాలు లేని ఊరు లేదు.

రామకోటయ్య మాస్టారు కూడా ఆ కంపెనీ వాటాదారే. రిటైరైన లెక్కల మాస్టారు, కృష్ణా జిల్లా నుంచి వాళ్ల నాన్న కాలంలో వచ్చి ఇక్కడ పొలాలు కొన్న కుటుంబం. ఒకరోజు వచ్చి, "అమ్మాయ్, ఇంకొన్ని కొందామనుకుంటున్నాను. ఇప్పుడు ఈ కంపెనీ ఎవరిదో చూసి చెప్పు. పెట్టినాయన పోయాడుగా," అన్నారు.

పట్టిక తీశాను. సగానికి పైగా ఆ కుటుంబం చేతిలోనే ఉంది. "వాళ్లదే మాస్టారూ. సొంత ఇల్లు ఎవరైనా పాడుచేసుకుంటారా?" అన్నాను. అప్పటికి నాకు రెండేళ్ల అనుభవం. ఆయన నమ్మి కొన్నారు.

ఆ పట్టికలోనే కుడి చివర, ప్రమోటర్ల షేర్లలో తాకట్టులో ఉన్నవి ఎన్నో చెప్పే గడి ఒకటి ఉంటుంది. తెర మీద పట్టిక పట్టక ఆ గడి పక్కకు పోయింది. పక్కకు జరిపి చూడలేదు. నేను చేసిన తప్పు అంతే, అంత చిన్నది. చూసి ఉంటే, ఆ కుటుంబం తన వాటాలో ఎక్కువ భాగాన్ని అప్పిచ్చిన వాళ్లకు తాకట్టు పెట్టిందని తెలిసేది. ధర కాస్త పడగానే అప్పిచ్చినవాళ్లు ఆ షేర్లు అమ్మేసుకున్నారు. అమ్మకాలతో ధర ఇంకా పడింది. తర్వాతి పట్టికలో కుటుంబం వరస సన్నగిల్లి, కొత్త పేర్లు వచ్చి కూర్చున్నాయి.

మాస్టారు మళ్లీ వచ్చారు. తిడతారనుకున్నాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, క్లాసులో అడిగినట్టు అడిగారు.

"ఎద్దు నా కొట్టంలోనే ఉందనుకో. మేత నేనే వేస్తున్నాను. దున్నేదీ నేనే. కానీ దాని మెడకు కట్టిన పలుపు ఇంకొకడి చేతిలో ఉంది. ఎద్దు ఎవరిదమ్మా?"

నేను ఆ పట్టిక మళ్లీ తీశాను.

"వాడు లాగేదాకా నాదే," అన్నారాయన. "ఈసారి ఎవరైనా ఎవరిదని అడిగితే, కొట్టం చూసి చెప్పకు. పలుపు చూసి చెప్పు."

అప్పటి నుంచి ఏ కంపెనీ పట్టిక తీసినా ముందు కుడి చివరికి వెళ్లి ఆ గడి చూడడం అలవాటైంది. ప్లెడ్జ్ అనే మాట నిద్రలో వినబడ్డా లేచే స్థితికి వచ్చాను. కానీ అది పెద్దవాళ్ల షేర్లకు, పెద్ద అప్పులకు సంబంధించిన మాట అనుకున్నాను. గూడెంలో వంద షేర్లున్న ముసలమ్మ దాకా ఆ మాట వస్తుందని ఊహించలేదు.

పద్నాలుగిళ్ల ఆడపిల్ల

కాగితం షేర్లను డీమ్యాట్ ఖాతాల్లోకి, అంటే కంప్యూటరు లెక్కలోకి, మార్చుకోకపోతే అమ్ముకోవడానికి వీల్లేకుండా పోయింది. కంపెనీ లాభాల్లోంచి పంచే డివిడెండు ఏళ్ల తరబడి తీసుకోని షేర్లైతే ప్రభుత్వ నిధికి వెళ్లిపోతాయి. మళ్లీ తెచ్చుకోవచ్చు గానీ, ఆ తిరుగుడు గూడెం మనిషి వల్ల కాదు. అందుకని మా ఆఫీసు తరఫున నేను ఊళ్లు తిరిగాను. దమ్మపేట దాటి అడవి అంచున ఉన్న ఒక గూడెంలో పద్నాలుగు కుటుంబాల దగ్గర మిర్చి కంపెనీ కాగితాలు దొరికాయి.

ఎక్కడెక్కడ దాచారో చూస్తే నవ్వూ వచ్చేది, భయమూ వేసేది. ఒకరింట్లో గొడుగులో చుట్టి ఉంది. ఒకరింట్లో విత్తనాల డబ్బాలో. కన్నమ్మ మాత్రం అద్దం కట్టించి దేవుడి పటాల పక్కన పెట్టింది. ప్రతి శుక్రవారం పసుపు కుంకుమ అద్దేది. అద్దం కట్టించక ముందు కూడా అద్దినట్టుంది, ఫోలియో నంబరు మీద ఎర్రగా అలుక్కుపోయి రెండంకెలు కనబడలేదు.

"నంబరు మీద ఎందుకు పెట్టినవ్ అవ్వా?"

"నంబరే గద బిడ్డా నాదని చెప్పేది. దానికే మొక్కిన."

ఆ రెండంకెలు కనుక్కోవడానికి, వాటాదారుల లెక్క చూసే కంపెనీ రిజిస్ట్రారుతో మూడు నెలలు ఉత్తరాలు నడిపాను. అసలు కాగితం కంపెనీకి పంపేశాక, కన్నమ్మ దాని జిరాక్సును అదే అద్దంలో పెట్టించుకుని మొక్కింది. నా తొమ్మిదేళ్లలో గర్వపడే పని ఏదంటే అదే.

ఖాతా తెరవాలంటే ఫోను నంబరు కావాలి. గూడెంలో సిగ్నల్ లేదు. ఊరికి అవతల ఒక గుట్ట ఎక్కితే, పైన ఒకే ఒక్క బండరాయి దగ్గర రెండు గీతలు వస్తాయి. సందేశం వచ్చిన నిమిషాల్లో ఓటీపీ చెప్పాలి. ఎవరు ఎక్కి కూర్చుంటారక్కడ? "నీ నంబరే రాయి శైలజమ్మా, వాళ్లకూ సుఖం మనకూ సుఖం," అన్నారు మురళి సార్. గూడెంవాళ్లూ అదే అన్నారు. నాకూ అదే బాగుందనిపించింది. పద్నాలుగు ఫారాల్లో నా నంబరు రాశాను.

ఫారంలో ఇంకో ప్రశ్న ఉంటుంది పావనీ, నువ్వూ చూసుంటావు. ఈ నంబరు ఎవరిది? సొంతమా, భర్తదా, భార్యదా, కొడుకుదా, కూతురుదా? ఇంట్లోవాళ్లది కాకపోతే ఒప్పుకోరు. పద్నాలుగు ఫారాల్లో కూతురు అని టిక్కు పెట్టాను.

కన్నమ్మకు ఆ సంగతి చెబితే పగలబడి నవ్వింది. "అయితే మా ఇంటి ఆడపిల్లవే. దసరాకు చీర పెట్టాలె," అంది. పెట్టింది కూడా. ఆకుపచ్చ నూలు చీర. వద్దంటే వినలేదు.

దీన్ని నేను తప్పు అనుకోలేదు. సాయం అనుకున్నాను. వాళ్లకు బస్సు చార్జీలు మిగిలాయి, నన్ను నమ్మారు, చీరలు పెట్టారు. మోసం చేయాలని వేసిన అడుగైతే కాళ్లు వణికేవి. సాయం చేస్తున్నామనుకున్నప్పుడు మనల్ని మనం ఒక్క ప్రశ్న కూడా అడగం. రిజిస్టరులో పేరు కన్నమ్మది, పటానికి కుంకుమ పెట్టేది కన్నమ్మ. పలుపు మాత్రం తెచ్చి నా ఇంట్లో కట్టేశాను. దాన్ని ఒక ఏడేళ్ల పిల్ల చేతికి కూడా ఇచ్చాను.

బజారు తెరిచేలోపు

చందు కళ్లు కడిగి, ఒళ్లు తుడుస్తుండగా మా ఆయన రాత్రి షిఫ్టు దిగి వచ్చారు. హెల్మెట్ ఇంకా చేతిలోనే ఉంది. రెండు ముక్కల్లో చెప్పాను.

"నీ నంబరు కాబట్టి పోలీసులు ముందుగాల నీ ఇంటికే వస్తరు," అన్నారు. భయపెట్టడానికి అనలేదు. ఆయనకు ముందు తట్టింది అది. నాకూ అదే తట్టింది.

"పిల్లల్ని బడికి దింపండి. నేను ఆఫీసుకు పోతున్న."

"పొయ్యి ఏం జేస్తవ్?"

"ఆ ఒక్కటి ఎనక్కి తెస్త."

స్కూటీ మీద వెళ్తున్నంతసేపూ లెక్క వేసుకున్నాను. తాకట్టు ఖాయమైంది. కానీ బజారు తొమ్మిదింబావుకు గానీ తెరవదు. తాకట్టు మీద వచ్చే పరపతితో సార్ కన్నమ్మ ఖాతాలో బేరాలు మొదలుపెట్టనంతవరకు దాన్ని విడిపించడం ఒక్క మీట పని. మొదలుపెట్టి నష్టం వచ్చిందో, ఆ షేర్లు అమ్ముడుపోతాయి. మాస్టారు చెప్పిన ఎద్దే. గూడెంలో ఆమె పటానికి దండం పెట్టుకుంటూ ఉంటుంది, ఇక్కడ రిజిస్టరులో ఆమె పేరు ఉండదు.

ఆఫీసు తలుపు దగ్గరగా వేసి ఉంది. మురళి సార్ ఒక్కరే కంప్యూటరు ముందు కూర్చున్నారు. గడ్డం చేసుకోలేదు. నన్ను చూసి నవ్వడానికి ప్రయత్నించారు.

"కన్నమ్మది విడిపించండి సార్."

"కూర్చో ముందు. చాయ్ తాగినవా?"

"విడిపించినంక తాగుత."

ఆయన కుర్చీ వెనక్కి వాల్చారు. దెబ్బ తిన్నానని చెప్పారు. సొంత బేరాల్లో పోయిందని, వీళ్ల ఖాతాల్లో బేరాలాడి ఆ నష్టం పూడ్చుకుంటానని, ఈ ఒక్క నెల గట్టెక్కితే చాలని చెప్పారు. "గూడెమోళ్లవి ఊకెనే పడున్నయ్ శైలజమ్మా. నెల తిరిగేలోపు విడిపిస్త. వాళ్లకు తెల్వనే తెల్వది."

"తెల్వదు గాబట్టే సార్."

అప్పుడు గొంతు మారింది. "నంబరెవరిది? ఓటీపీ చెప్పింది ఎవరి బిడ్డ? కూతురని టిక్కు పెట్టిందెవరు? రేపు ఎవడన్న అడిగితే నిన్నడుగుతడు. ఇద్దరు పిల్లల తల్లివి. మంచిగ ఆలోచన చెయ్."

ఆయన చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. మేఘన గొంతు, ఆ ఆరంకెలు చెవిలో మళ్లీ వినబడ్డాయి. పిల్ల చేసిన పని పిల్ల మీదే పడుతుందా అని భయమేసింది. ఆ భయమే నన్ను గట్టిపరిచింది కూడా. దాచిపెడితే రేపు కూడా ఆయన ఇదే మాట అంటారు, ఎల్లుండి కూడా అంటారు. నా తప్పు ఆయన చేతిలో ఉన్నంతకాలం నా పలుపు కూడా ఆయన చేతిలోనే.

"అవ్ సార్, నన్నే అడుగుతరు," అన్నాను. "అందుకే ఇయ్యాల నేనే చెప్త. టిక్కు పెట్టింది కూడా చెప్త."

ఆయన ముందే కుర్చీ వేసుకుని కూర్చుని, హైదరాబాదులో హెడ్డాఫీసుకు ఫోను కలిపాను. ఎవరో అమ్మాయి ఎత్తింది. నా పేరు, మా ఆఫీసు పేరు, కన్నమ్మ ఖాతా నంబరు చెప్పాను. ఖాతాదారుకు తెలియకుండా తాకట్టు పడిందని, ఫోను నంబరు నాదేనని, కూతురని తప్పు రాసింది నేనేనని చెప్పాను. ఆ అమ్మాయి రెండుసార్లు అడిగి రాసుకుంది. తప్పు ఒప్పుకోవడానికి ఎవరైనా పొద్దున్నే ఫోను చేస్తారా అని ఆమె అనుకుని ఉంటుంది.

నేను మాట్లాడుతుండగానే మురళి సార్ కంప్యూటరు వైపు తిరిగారు. గడియారంలో తొమ్మిది కావడానికి ఐదు నిమిషాలున్నాయి. నా ఫోను టింగుమంది. కన్నమ్మ షేర్లు తాకట్టు నుంచి విడుదలయ్యాయని సందేశం.

"తాగు చాయ్," అన్నారు సార్, నా మొహం చూడకుండా. "పట్టిక చదువుడు నేర్పినోన్నే చదివినవ్."

నేను తాగలేదు. బీరువాలోంచి ఫోను నంబరు మార్చే ఖాళీ ఫారాలు పద్నాలుగు తీసుకుని బయటికి వచ్చాను.

సిగ్నల్ గుట్ట

గూడెం చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. కన్నమ్మ వాకిట్లో మిరపకాయలు తొడిమలు తీస్తోంది. జరిగింది జరిగినట్టు చెప్పాను. మేఘన చదివిన సంగతీ చెప్పాను. ఆమె చేతులు దులుపుకుని లేచింది.

"కుదువ పెట్టిండా? నన్నడగకుండనే?"

"అవ్ అవ్వా. మల్ల ఇడిపించిన."

లోపలికి వెళ్లి పటం చూసి వచ్చింది. పటం ఉన్నచోటే ఉంది. "గది ఈడనే ఉంది గద," అంది, నమ్మలేనట్టుగా. నా మొదటి రోజుల్లో వచ్చిన దమ్మపేట తాత గుర్తొచ్చాడు. నవ్వినందుకు ఇప్పుడు సిగ్గేసింది.

"నీ నంబరు తీసేస్తున్న అవ్వా. అంటే, నా నంబరు. ఇకనుంచి నీ ఫోనే."

"నువ్వు మంచిదానివే బిడ్డా," అంది కన్నమ్మ. "మంచోళ్ల దగ్గరున్నా, నాది నా దగ్గర ఉండాలె గద."

ఇన్నేళ్లలో నేను చదివిన రూల్సు అన్నీ కలిపినా ఆ మాట కన్నా ఎక్కువ చెప్పలేదు.

కొత్త నంబరు ఎక్కాలంటే ఆ నంబరుకే ఓటీపీ రావాలి. అంటే ఫోన్లు గుట్ట ఎక్కాలి. పద్నాలుగిళ్లకూ కబురు వెళ్లింది. ఫోను ఉన్నవాళ్లు ఫోనుతో, లేనివాళ్లు ఇంట్లోవాళ్ల ఫోనుతో కదిలారు. కన్నమ్మది టార్చిలైటుగా తప్ప ఇంకెందుకూ వాడని బటన్ల ఫోను. దాన్ని కొంగుకు ముడివేసుకుని అందరికన్నా ముందు ఎక్కింది.

ఆ బండరాయి చుట్టూ వరస కట్టారు. నేను ఫారాలు నింపి, సంతకాలు, వేలిముద్రలు తీసుకుని, ఒక్కొక్కరి వివరాలు నా ఫోనులో ఎక్కిస్తుంటే, ఎవరి వంతు వస్తే వాళ్లు రాయి మీదికెక్కి చెయ్యి పైకెత్తి ఫోను పట్టుకున్నారు. "ఇంకొంచెం ఎడమకు వదినా!" "చెయ్యి నొస్తుంది, నువ్వు పట్టుకో!" "నాకు పెండ్లినాడు గూడ గిట్ల నిలబెట్టలే!" అని ఒకటే అల్లరి. సందేశం వచ్చినప్పుడల్లా అరుపులు. నాకు చెప్పబోతే ఆపి, నా ఫోను వాళ్ల చేతికే ఇచ్చి, అంకెలు వాళ్లచేతే నొక్కించాను. చదువు రానివాళ్లు ఒక్కో అంకె ఆకారం పోల్చుకుని నొక్కారు. ఎంతసేపయినా ఆగాను. పొద్దు వాలేలోపు పదమూడు అయ్యాయి. పద్నాలుగో ఆయన కొడుకు దగ్గరికి మధిర వెళ్లాడు. అతనిది వారం తర్వాత, అతని ఎదురుగానే చేశాను.

తర్వాత సంగతులు క్లుప్తంగా రాస్తాను. హెడ్డాఫీసువాళ్లు వచ్చారు, మురళి సార్ లెక్కలన్నీ తీశారు, కొన్నాళ్లకు ఆ ఆఫీసు బోర్డు దిగింది. నా దగ్గర రాతపూర్వకంగా వాంగ్మూలం తీసుకున్నారు. పద్నాలుగు తప్పుడు టిక్కులు నా పేరు మీదే ఉన్నాయి. ఉద్యోగం మానేశాను, వాళ్లు మానమనకముందే. ఇప్పటికీ తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతాను. అయినా ఆ ఫోను చేసినందుకు ఒక్క రోజు కూడా బాధపడలేదు. నీకు చెప్పదలుచుకున్నది ఇదే పావనీ. నీ యజమాని మంచివాడా చెడ్డవాడా అని చూడకు. ఈ పనిలో ఇద్దరూ ఒకే మనిషిలో ఉండొచ్చు. ఎవరి తాళం ఎవరి దగ్గర ఉందో, అది మాత్రం చూడు. నీ దగ్గర ఉండకూడనిది నీ దగ్గర ఉంటే, రేపే వెళ్లి ఇచ్చెయ్యి. వాళ్లు ఆఫీసుకు రాలేకపోతే నువ్వే గుట్ట ఎక్కు.

మర్నాడు పొద్దున

గుట్ట దిగి వచ్చిన మర్నాడు పొద్దున నేను ఇడ్లీలు దించుతున్నాను. నా చేతులు తడిగా ఉన్నాయి. ఫోను మోగింది. మేఘన దాని పక్కనే ఉంది. ఎత్తలేదు. రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది. ముందురోజు రాత్రి నుంచి ఆ పిల్ల మాట్లాడడం లేదని అప్పుడే గమనించాను.

చేతులు తుడుచుకుని నేనే ఎత్తి స్పీకరులో పెట్టాను. అవతల గాలి హోరు.

"బిడ్డా, నేను కన్నమ్మను. గుట్ట మీదికెల్లి మాట్లాడుతున్న. మేకలతోని వచ్చిన. నా ఫోన్ల ఏందో మోగింది. అంకెలొచ్చినయ్. రాసుకుంటవా, చెప్పాల్నా?"

కొత్త నంబరు పనిచేస్తుందో లేదో చూడడానికి హెడ్డాఫీసు పంపిన సందేశమని తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తెలియదు. తెలిసినా అదే జవాబు.

"చెప్పకు అవ్వా. నాక్కూడా చెప్పకు."

"ఇంటి ఆడపిల్లకు గూడ?"

"ఇంటి ఆడపిల్లకు గూడ."

గాలి హోరులో కన్నమ్మ నవ్వు వినబడింది. ఫోను పెట్టేశాక మేఘన మెల్లగా అడిగింది. "అవ్వ చెప్తనంటే ఎందుకొద్దన్నవ్? నేను చెప్పినందుకు అందరికీ కష్టమొచ్చిందనా?"

పిల్లలిద్దర్నీ వంటగట్టు పక్కన కూర్చోబెట్టుకున్నాను. నిన్నటి తప్పు నీది కాదని మేఘనకు చెప్పాను. అంకెలు చదవమని నీకు నేర్పింది నేను, నేర్పకూడనిది నేర్పాను, తప్పు నాదని చెప్పాను. ఆ అంకెలు కన్నమ్మవ్వవి, మన ఫోనులోకి వచ్చినంత మాత్రాన మనవి కావని చెప్పాను. ఇక మీదట ఎవరడిగినా ఎవరివి వాళ్లనే అడగమని చెప్పాలి, అంకులైనా, నాన్నైనా సరే అన్నాను.

"నువ్వడిగితే?" అన్నాడు చందు.

"నేనడిగినా చెప్పొద్దు," అన్నాను.